లాయర్‌ని మాట్లాడుకునే విషయం, చిన్న ఫార్మా యూనిట్ల వాళ్లందరికీ

అందరికీ నమస్తే అండి. రివైజ్డ్ షెడ్యూల్ ఎం, అంటే మందుల తయారీ యూనిట్లు పాటించాల్సిన కొత్త నాణ్యతా నియమాలు, 2023 డిసెంబర్‌లో నోటిఫై అయింది, 250 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న మనలాంటోళ్లు అప్లై చేసుకుంటే 2025 డిసెంబర్ 31 దాకా టైమిచ్చారు, ఆ గడువూ దాటింది, ఇక ఇన్‌స్పెక్షన్ అయ్యి షోకాజ్ నోటీసు (చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడిగేది) చేతికొచ్చాక పరిగెత్తే బదులు ఇప్పుడే ఒక లాయర్‌ని మాట్లాడుకుందాం.

"డ్రగ్ కంట్రోల్ ఆఫీసులో నాకు తెలిసినోళ్లున్నారు, పని నేను చేయిస్తా" అనేవాళ్లు మాత్రం దయచేసి వద్దు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినోళ్ల మీద కూడా కేసే, మన తరఫున ఇంకొకరు ఇచ్చినా కంపెనీ మెడకి చుట్టుకుంటది.

నేనైతే ఏ లాయర్‌నైనా ఒకటే అడుగుతా, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ కింద షోకాజ్‌కి మీరు రాసిన జవాబు ఒకటి పేర్లు కొట్టేసి చూపించండి అని. ఇన్‌స్పెక్టర్ రాసిన ఒక్కో పాయింట్‌కి విడిగా జవాబు, దానికి ఏహెచ్‌యూ (గాలిని శుభ్రం చేసి గదుల్లోకి పంపే యూనిట్) వాలిడేషన్ రిపోర్టో బ్యాచ్ రికార్డో జత చేసుంటే ఆయనకి పని తెలిసినట్టే. "ఆరోపణలు అవాస్తవం" అని రెండు పేజీలు నింపితే వద్దు, ఎందుకంటే రేపు లైసెన్స్ సస్పెండై ప్రభుత్వానికి అప్పీల్‌కెళ్లినా హైకోర్టుకెళ్లినా ముందు ఆ జవాబే తీస్తారు.

జీతానికి పెట్టుకుందాం అన్నవాళ్లకి, బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటే ప్రాక్టీస్ చెయ్యకూడదు. అందుకే నెలవారీ రిటైనర్, అంటే నెలనెలా కట్టే ఫిక్స్‌డ్ ఫీజు, అందరం పంచుకుందాం. కేసు గెలిస్తేనే ఫీజు అనే బేరం కూడా లాయర్లకి కుదరదు.

ఇప్పటికే నోటీసు వచ్చినోళ్లు ఆగొద్దు, గడువు తేదీ కనపడేలా ఫొటో తీసి నాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి.