నీళ్లు తాగుతున్నావా అబ్బయ్యా?

చిరంజీవి శ్రీనుకి,

ఇక్కడ అందరం కులాసా. మొన్నటి గాలికి కొట్టం రేకులు లేచిపోతే రమణయ్య వచ్చి కొట్టిపోయాడు. కలిగిరి వేలంలో పొగాకు రేటు పర్వాలేదంటున్నారు. పెంచలయ్య కొడుకు నిన్ను బెంగళూరులో స్కానింగ్ సెంటర్ దగ్గర చూశాడట. ఎవరికో తోడు వెళ్లుంటాడులే అన్నాను. మీ అమ్మ నమ్మలేదు. నువ్వేమో ఫోనెత్తవు.

కోటయ్య పెదనాన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు. బ్యారన్‌లో, అదే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చేటప్పుడు రాత్రింబవళ్లు పొయ్యి దగ్గరే ఉండేవాడు. ఆ సెగకి చొక్కా పిండితే చెమట కారేది. నీళ్ల బిందె పక్కనే ఉన్నా టీ తప్ప ముట్టడు. నడుం పట్టేసిందని కొట్లో నొప్పి బిళ్లలు కొని మింగేవాడు. మూత్రం డికాషన్ రంగులో వస్తున్నా నోరు విప్పలేదు, నీలాగే. ఒక తెల్లవారుజామున గోడ పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే నెల్లూరు తీసుకుపోయాం. కిడ్నీలో రాయి దిగి మూత్రనాళంలో ఇరుక్కుంది. డాక్టరు ఆ బిళ్లల అట్ట చూసి ముందు మమ్మల్ని తిట్టాడు. ఒంట్లో నీళ్లు చాలనప్పుడు ఆ బిళ్లలు కిడ్నీలకి నెత్తురు ఇంకా తగ్గిస్తాయట.

రెండు కిడ్నీలూ కలిసి నెత్తురులోంచి రోజుకి 180 లీటర్ల దాకా నీరు వడకడతాయని ఆయనే చెప్పాడు. బయటికి పోయేది లీటరున్నర, మిగతాదంతా మళ్లీ నెత్తురులోకే. నీళ్లు తక్కువైతే మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోను వచ్చి ఉన్నవి పట్టి ఉంచుతుంది. మూత్రం చిక్కబడుతుంది, అందులోని కాల్షియం, ఆక్సలేటు గట్టిపడి రాయి కడుతుంది. ఏసీలో ఉన్నాను, చెమట పట్టదు అనకు. ఊపిరితోనూ చర్మం మీదుగానూ కనపడకుండా ముప్పావు లీటరు పోతూనే ఉంటుంది.

అట్లాగని మీ చిన్నత్త వాట్సాప్‌లో పంపినట్టు ఒక్కసారే బిందెడు తాగకు. నెత్తురులో సోడియం పడిపోతే అదింకో ప్రమాదం. రోజంతా కొంచెం కొంచెం తాగు, మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. మీటింగని ఆపుకోకు. క్లాసు పీకుతున్నాననుకోకు. ఆ స్కానింగ్ నీకేనా? రిపోర్టు ఫోటో తీసి పంపు. మీ అమ్మకి కాదు, నాకు.

పొదలకూరు నిమ్మకాయలు బస్సుకి వేస్తున్నా. నిమ్మలోని సిట్రేటు రాళ్లు కట్టకుండా అడ్డుపడుతుంది. ఉప్పు వెయ్యకుండా తాగు, ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. వద్దంటున్నా వినకుండా మీ అమ్మ ఆవకాయ సీసా కూడా అదే పెట్టెలో దూర్చింది.

మీ నాన్న