అమ్మలుకి: ఇంటి కంప్యూటర్‌లో ఎవరి డ్రైవ్ వాళ్లకే

అమ్మలూ,

అమ్మ, నువ్వు, తమ్ముడు ముగ్గురి గూగుల్ అకౌంట్లూ ఒకే విండోస్ యూజర్ (కంప్యూటర్ తెరవగానే లాగిన్ అయ్యే పేరు) కింద పెట్టేస్తే సరిపోదా అని అడిగావు. పెట్టొచ్చు. గూగుల్ డ్రైవ్, అంటే మన ఫైళ్లను నెట్‌లో దాచే గూగుల్ సర్వీసు, దాని ప్రోగ్రామ్ ఒక యూజర్ కింద 4 అకౌంట్ల దాకా ఒప్పుకుంటుంది. కానీ వద్దు తల్లీ. అది ఒకే మనిషికి ఇల్లు, ఆఫీసు అని రెండు మూడు అకౌంట్లు ఉంటే పనికొచ్చే ఏర్పాటు. ముగ్గురు మనుషులున్నచోట ముందు మూడు విండోస్ యూజర్లు కావాలి. ఆ లోపల ఎవరి క్లౌడ్ (నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) వాళ్లది.

ఒకే క్రోమ్‌లో ముగ్గురూ లాగిన్ అయితే ఏమవుతుందో చూడు. ముందు లాగిన్ అయినవాళ్లదే డిఫాల్ట్ అకౌంట్. డ్రైవ్ తెరిచి అడ్రస్ బార్ చూస్తే ‘యు’ అక్షరం తర్వాత 0 ఉంటుంది, అది మొదటి అకౌంట్. 1 ఉంటే రెండోది. మొదటిది అమ్మది అనుకో. నీ క్లాస్ గ్రూపులో వచ్చిన ఫైల్ లింకు నొక్కితే అది అమ్మ అకౌంట్‌లో తెరుచుకుని, నీకు పర్మిషన్ లేదంటుంది. కంగారులో రిక్వెస్ట్ నొక్కావంటే మీ లెక్చరర్‌కి అమ్మ పేరుతో మెయిల్ వెళ్తుంది. ఇక తమ్ముడు తనది సైన్ అవుట్ చేస్తే ముగ్గురి లాగిన్లూ పోతాయి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం డిలీట్. కంప్యూటర్‌లో కనబడే డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్నవి కాపీలు కావు, అసలు ఫైళ్లే. తమ్ముడు అందులో అమ్మ పాస్‌బుక్ స్కాన్ తీసేస్తే ఆవిడ ఫోన్‌లోంచి కూడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత అక్కడా ఉండదు.

యూజర్‌ని చేయడం పెద్ద పనేం కాదు. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. మైక్రోసాఫ్ట్ మెయిల్ ఐడీ అడుగుతుంది. అది లేకుండా చేసే దారి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే నొక్కు. కొత్తది స్టాండర్డ్ యూజర్‌గా వస్తుంది, అలాగే ఉంచు. అడ్మినిస్ట్రేటర్‌గా (కంప్యూటర్ మీద పూర్తి అధికారంతో) ఉన్నవాళ్లు సి డ్రైవ్‌లో ఎవరి ఫోల్డరైనా ఒక్క క్లిక్‌తో తెరవగలరు, స్టాండర్డ్ యూజర్‌కి ఆ వీలు లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గర, అమ్మ దగ్గర మాత్రమే ఉండాలి. ప్రోగ్రాములు ఎక్కించడానికి తప్ప దాన్ని వాడకండి. డ్రైవ్ ప్రోగ్రామ్ ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ముగ్గురూ విడివిడిగా లాగిన్ అవుతారు.

లాగిన్ అయ్యాక స్ట్రీమ్, మిర్రర్ అని రెండు పద్ధతులు కనిపిస్తాయి. స్ట్రీమ్ ఉంచు. మన డిస్క్ 256 జీబీ, అందులో విండోస్, ప్రోగ్రాములు పోగా మిగిలేది తక్కువ. మిర్రర్ పెడితే గూగుల్ ఒక్కొక్కరికి ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఉన్న డ్రైవ్ ఫైళ్లన్నీ డిస్క్ మీదకి దిగుతాయి. స్ట్రీమ్‌లో తెరిచిన ఫైలే దిగుతుంది. నెట్ లేనప్పుడు కావలసినవాటిని మాత్రం రైట్ క్లిక్ చేసి ఆఫ్‌లైన్‌కి పెట్టుకో. ఆ 15 జీబీ జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి అని గుర్తుంచుకో. అమ్మకి వచ్చే ‘నిండిపోయింది’ మెసేజ్‌కి డ్రైవ్ ఫైళ్లే కారణమని అనుకోకు, ముందు ఫోన్ ఫొటోలు చూడు.

వన్‌డ్రైవ్‌తో జాగ్రత్త. అది గూగుల్ డ్రైవ్ లాంటిదే, మైక్రోసాఫ్ట్‌ది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ బ్యాకప్ చేస్తానంటుంది. సరే అంటే ఆ ఫోల్డర్లే వన్‌డ్రైవ్‌లోకి మారిపోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది నిండగానే సింక్ (కంప్యూటర్‌లోవీ నెట్‌లోవీ ఒకేలా ఉంచడం) ఆగుతుంది. తర్వాత బ్యాకప్ ఆపితే డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించవచ్చు. ఫైళ్లు పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంటాయి, అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌నే వన్‌డ్రైవ్‌కి కూడా ఎప్పుడూ అప్పగించకు. రెండూ ఒకే ఫైల్ మీద పడి డూప్లికేట్లు పుట్టిస్తాయి.

తమ్ముడికి ఇది రెండుసార్లు చెప్పు. రాత్రి ప్రాజెక్ట్ ఫైల్ సేవ్ చేసి వెంటనే సైన్ అవుట్ చేస్తే అప్‌లోడ్ అక్కడే ఆగిపోతుంది. మళ్లీ వాడు లాగిన్ అయితేనే మొదలవుతుంది. పొద్దున స్కూల్లో తెరిస్తే పాత ఫైలే ఉంటుంది. గడియారం పక్కన డ్రైవ్ గుర్తు నొక్కి, అన్నీ సింక్ అయ్యాయని చూసుకున్నాకే లేవాలి. అలాగని విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేసి వెళ్లిపోవడం అలవాటు చేసుకోవద్దు. వెనకాల వాడి డ్రైవ్ నడుస్తూనే ఉంటుంది, అమ్మ కూర్చునేసరికి కంప్యూటర్ నత్తలా నడుస్తుంది.

ముగ్గురికీ కావలసినవి, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు లాంటివి, అమ్మ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి మీ ఇద్దరికీ షేర్ చేయించు. తమ్ముడికి వ్యూయర్ (చూడటం వరకే), నీకు ఎడిటర్ (మార్చడానికి కూడా).

పాత యూజర్‌లో ఇప్పటికే మీ అకౌంట్లు ఉంటే, అవి తీసేముందు కూడా సింక్ పూర్తయిందో లేదో చూసుకో, పైకి వెళ్లని ఫైలుంటే అది ఆ కంప్యూటర్‌లోనే చిక్కుకుంటుంది. ముందు నీదొక్కటే మార్చి రెండు రోజులు వాడి చూడు. ఆదివారం ఫోన్ చేస్తాను, అమ్మది ఇద్దరం కలిసి మారుద్దాం.

ప్రేమతో,
నాన్న