బోయాను కట్టుకొయ్య చేయొద్దు

సంపాదకుడు గారికి నమస్కారాలు.

తుపాను వచ్చినప్పుడల్లా దానికి పేరెవరు పెట్టారో పత్రికల్లో ఒక చిన్న పెట్టె కట్టి వేస్తారు. హుద్‌హుద్ ఒమన్ పెట్టిన పేరు, తిత్లీ పాకిస్థాన్‌ది, మిచాంగ్ మయన్మార్‌ది, 2025 అక్టోబరు 28 రాత్రి మన తీరం దాటిన మొంథా థాయ్‌లాండ్‌ది. పిల్లలు ఇష్టంగా చదువుతారు, నేనూ చదువుతాను. కానీ ఇలా పేర్లు పెట్టే 13 దేశాలు కలిసి చేసే పనిలో పేరు పెట్టడం అన్నిటికన్నా చిన్నది. సముద్రంలో తేలుతూ గాలినీ నీటినీ కొలిచే బోయాల వంటి వాటితో తుపానును ముందే పసిగట్టే అసలు పని గురించీ, అందులో మా తీరం వాళ్లం చేస్తున్న తప్పు గురించీ నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను అనకాపల్లి జిల్లాలో ఒక మత్స్యకార గ్రామంలో పుట్టి, ఆ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. కిందటేడు మా వీధిలో ఒక పాక మీద కొత్తగా సోలార్ పలక కనబడింది. బజారులో దొరికే రకం కాదు. బాగా మందం. ఒక మూల ఉప్పు పేరుకుపోయింది, మరలు పీకిన చోట అంచు వంకరపోయింది. ఎక్కడిదిరా అని అడిగితే నా దగ్గర చదువుకున్న కుర్రాడే చెప్పాడు: "నడిసంద్రంలో పసుపు బోయాది మాస్టారూ. దిక్కూ మొక్కూ లేనిదనుకున్నాం. రాత్రిపూట ఒక లైటు వెలుగుతోంది."

వాణ్ని నేను తిట్టలేకపోయాను. గాలాలతో ట్యూనా వేటకు పోయేవాళ్లకు సముద్రంలో తేలేది ఏదైనా గంగమ్మ తల్లి చూపించిన దారే. నీడ ఉన్నచోట చిన్న చేప చేరుతుంది, దాని వెంట పెద్ద చేప వస్తుంది. డీజిలు కాల్చుకుంటూ రెండు రోజులు తిరిగి ఖాళీగా ఉన్న పడవకు బోయా కనబడితే ఇంకేం చూస్తారు, తాడు వేసి కట్టేసి అక్కడే గాలం దించుతారు. అల లేచినప్పుడల్లా పడవ బరువంతా బోయా మీద పడుతుంది. పైనున్న స్తంభం వంగుతుంది, గాలివేగం కొలిచే పరికరం విరుగుతుంది. ఒక్కోసారి లంగరు తాడే తెగి బోయా ఎటో కొట్టుకుపోతుంది. ఆ రోజు నుంచి అక్కడ సముద్రం ఏమంటున్నదో ఒడ్డున ఎవరికీ తెలియదు.

ఈ బోయాలను లంగరేసి నిలబెడుతున్నది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. 1997 నుంచి ఈ పని సాగుతోంది. గాలి, వాయుపీడనం, అలల ఎత్తు, ప్రవాహం ఇవన్నీ బోయా కొలుస్తుంది. కొత్త రకం వాటికి కింద వేలాడే తీగ పొడవునా 500 మీటర్ల లోతు దాకా నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలిచే పరికరాలుంటాయి. ఆ లెక్కలు ఉపగ్రహం మీదుగా ఒడ్డుకు వస్తాయి. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్‌కు, వాతావరణ శాఖకు, అక్కడి నుంచి ఇతర దేశాల వాతావరణ కేంద్రాలకు అందుతాయి.

ఉపగ్రహాలుండగా ఇవెందుకని మా ఊళ్లోనే ఒకరు అడిగారు. ఉపగ్రహానికి సముద్రం పైచర్మమే కనబడుతుంది. తుపానుకు మేత ఆ కింద ఉన్న వేడి. అందులోనూ బంగాళాఖాతం తీరు వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. మరో సముద్రంలోనైతే తుపాను గాలి నీటిని చిలికి అడుగున ఉన్న చల్లదనాన్ని పైకి తెస్తుంది, దాంతో తుపాను తన బలాన్ని తానే కొంత తగ్గించుకుంటుంది. ఇక్కడ ఈ మంచినీటి పొర మూతలా అడ్డుపడుతుంది. చల్లనీరు అంత తేలిగ్గా పైకి రాదు, తుపాను కింద వేడి అలాగే మిగులుతుంది. నిన్న వాయుగుండమన్నది రేపు తీవ్ర తుపాను అవుతుందా లేదా అన్నది లెక్కగట్టేవాళ్లకు ఆ లోపలి కబురు చాలా అవసరం. అది నీళ్లలో ఉన్న పరికరమే చెప్పాలి.

ఒక్క దేశం తన బోయాలతో ఈ పని నెట్టుకురాలేదు. ప్రపంచ సముద్రాల్లో ఆర్గో అనే తేలే గొట్టాలు సుమారు 4,000 తిరుగుతున్నాయి. వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు పోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారిపొడవునా కొలుచుకుంటూ వస్తాయి. ఏ దేశం వదిలిన గొట్టమైనా లెక్క అందరిదీ, ఉచితంగా. వాటిలో దాదాపు సగం అమెరికావి. ఆ అమెరికా యునెస్కో నుంచి తప్పుకుంటానని 2025 జూలైలో ప్రకటించింది. సముద్ర పరిశీలనల్లో దేశాలను ఒకతాటిపై నడిపించే అంతర ప్రభుత్వ సముద్ర శాస్త్ర సంఘం యునెస్కోలో భాగమే. పెద్ద వాటాదారు అడుగు వెనక్కి వేస్తున్న ఈ కాలంలో మన ముంగిట్లో మనం నిలబెట్టుకున్న బోయాలను మన చేతులతోనే విరగ్గొట్టుకోవడం నన్ను బాధిస్తోంది.

ఈ కలిసికట్టుతనం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. శవాల మీంచి వచ్చింది. 1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్థాన్‌లో భోలా తుపానుకు 3 లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయాక, 1972లో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల చుట్టూ ఉన్న దేశాల తుపాను సంఘం ఏర్పడింది. భారత్, పాకిస్థాన్ రెండూ అందులో ఉన్నాయి. మిగతా విషయాల్లో ఎన్ని గొడవలున్నా ఢిల్లీలోని వాతావరణ కేంద్రం ఇచ్చే తుపాను సూచనలు కరాచీకీ వెళతాయి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించినప్పుడు మనకు ఉదయం 6.28. అలలు మన తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత సమయమున్నా చెప్పే నాథుడు లేక మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం పెట్టారు. 2011 నుంచి ఇండోనేసియా, ఆస్ట్రేలియాలతో కలిసి అది హిందూ మహాసముద్ర దేశాలకు హెచ్చరికలు ఇస్తోంది. అన్నట్టు, సైక్లోన్ అన్న మాట పుట్టింది కూడా మన బంగాళాఖాతం లెక్కల్లోంచే. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్‌బుక్కులు ఏళ్ల తరబడి పోగేసి చదివి, 1848లో ఆ పేరు పెట్టాడు. మన కోరంగిని ముంచిన 1789 నాటి ఉప్పెన గురించీ రాశాడు. నావికులు రాసుకున్నది నలుగురికీ ఇస్తేనే అప్పుడైనా ఇప్పుడైనా తుపాను అంతుచిక్కేది.

హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2011లోనే ఒక తీర్మానం చేసింది. సమాచార బోయాకు ఒక నాటికల్ మైలు లోపల, అంటే సుమారు 1.85 కిలోమీటర్ల లోపల, వేట చేయకూడదు, పడవను దానికి కట్టకూడదు. భారత్ ఆ కమిషన్‌లో సభ్యదేశం. ఇన్నేళ్లలో మా జెట్టీ మీద ఈ మాట చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఏ నోటీసు బోర్డు మీదా చదవలేదు. తెలియని నిబంధనను మావాళ్లు తప్పారని కేసులు పెడితే అది అన్యాయం. తెలియజెప్పకుండా వదిలేస్తే అంతకన్నా అన్యాయం, ఎందుకంటే ముందు మునిగేది మా పడవే. పడవ నడిపే సరంగు ఫోనుకు వచ్చే "వేటకు వెళ్లరాదు" అన్న కబురు వెనుక ఆ బోయా మాట కూడా ఉంది.

మత్స్యశాఖ వారిని నేను కోరేది పెద్ద ఖర్చుది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, సరంగులు, కలాసీలు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. ఆ 61 రోజుల్లో ఊరూరా ఒక్క పూట కూర్చోబెట్టి, బోయాలు ఎక్కడున్నాయో తెలుగులో పటం గీసి ఇవ్వాలి. ఒక పాత బోయాను తెచ్చి చూపిస్తే మరీ మంచిది, చేత్తో తాకినది మావాళ్లు మరిచిపోరు. లంగరు తెగి కొట్టుకుపోతున్న బోయాను చూసి కబురు చేసిన పడవకు ఆ రోజు డీజిలు ఖర్చయినా ఇవ్వాలి. చేపలు చేరడానికి వేరే తేలుడు కట్టలు వేయించి ఇస్తే బోయా జోలికి పోవాల్సిన అవసరమే తగ్గుతుంది.

ఆ కుర్రాడు పలకను పాక మీంచి దించి నాకప్పగించాడు. మా ఇంటి వసారాలో గోనెపట్టా చుట్టి పెట్టాను, వచ్చి తీసుకెళ్లమని కోరుతున్నాను. మా ఊళ్లో సమావేశం పెడతామంటే అరుగు నాది, బల్లలు బడివి. పటం నేనే గీస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
అనకాపల్లి జిల్లా