317 కాదు, 371: రెవెన్యూ మంత్రిగారికి ఒక దస్తావేజు లేఖరి విన్నపం

ఒడిశా రెవెన్యూ మంత్రిగారికి,

నమస్కారం. 1994 నుంచి ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో దస్తావేజులు రాస్తున్నాను. దీని ఒడియా ప్రతి మీ ఆఫీసుకి పోస్టు చేశాను. తెలుగులో కూడా ఎందుకంటే, నా దగ్గరికొచ్చే మనవాళ్లు చాలామంది ఒడియా దస్తావేజు మీద సంతకం పెట్టేశాక "ఇంతకీ ఇందులో ఏం రాశావు బాబూ" అని అడుగుతారు. వాళ్లూ చదవాలి.

ముందు నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక రైస్ మిల్లు కంపెనీ ఇక్కడి చిన్న ఫైనాన్సు దగ్గర అప్పు తీసుకుని స్థలం తనఖా పెట్టింది. ఆ దస్తావేజు రాసింది నేనే. ప్లాటు నంబరు 371. నా చేతిలో 317 అయింది. వాళ్లిద్దరూ చదవలేదు, నేను రెండోసారి చూడలేదు. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఛార్జి (కంపెనీ ఆస్తి మీద అప్పిచ్చినవాడి హక్కు) నమోదుకీ నా కాగితమే చూసి నింపారు కనక అక్కడా అదే నంబరు ఎక్కింది. వాయిదాలు కట్టినన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

మిల్లు దివాలా తీసి వ్యవహారం కటక్‌లోని కంపెనీ కేసుల ట్రిబ్యునల్ ఎన్.సి.ఎల్.టి.కి వెళ్లింది. అప్పులవాళ్ల క్లెయిములు చూసే అధికారి (రిజల్యూషన్ ప్రొఫెషనల్) ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో 317 కొట్టి చూస్తే అది ఎవరో రైతు పేరున ఉంది. మిల్లు యజమాని మంచివాడు, "సవరణ దస్తావేజు రాయండి, సంతకం పెడతాను" అన్నాడు. పెట్టినా చెల్లదు. 2016 నాటి దివాలా చట్టం 17వ సెక్షన్ కింద, కేసు మొదలయ్యాక డైరెక్టర్ల అధికారాలు ఆగిపోతాయి. పోనీ కోర్టులో సవరణ దావా వేద్దామంటే 14వ సెక్షన్ అడ్డం, అది విధించే మారటోరియంలో, అంటే చర్యలన్నీ ఆపి ఉంచే కాలంలో, కంపెనీ మీద కొత్త దావాలు కుదరవు. రేపు ఆస్తులు అమ్మి పంచే పరిస్థితి వస్తే, 53వ సెక్షన్ వరసలో తనఖా అప్పు కార్మికుల 24 నెలల బకాయిల సరసన ఉంటుంది. తనఖా నిలవకపోతే మిగతా ఉద్యోగుల జీతాల తర్వాతే. అప్పటికి ఏం మిగులుతుందో మీకు తెలియనిది కాదు. ఆ ఫైనాన్సాయన బజారులో ఎదురైతే ఇప్పటికీ నాకు టెన్షనే.

నంబరు తప్పయినా హద్దులు సరిగ్గా ఉంటే హద్దులదే పైచేయి అంటారు వకీళ్లు. కోర్టులు చాలాసార్లు అలాగే చెప్పాయి కూడా. కానీ మన హద్దులు చూశారా? "తూర్పున ఫలానా వారి మామిడితోట." ఆ ఫలానా వారు పోయి ఇరవై ఏళ్లయింది, తోట లేఅవుటు అయిపోయింది.

నా తప్పు నాదే. అయితే ఈ సరిహద్దులో ఇలాంటివి పుట్టడానికి ఇంకో కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగు కాగితాలే బయటపడతాయి. తర్వాత సెటిల్‌మెంట్ (భూములు మళ్లీ కొలిచి రికార్డు రాయడం) జరిగినప్పుడల్లా నంబర్లు మారాయి. పాతది సాబిక్, కొత్తది హాల్. తాత దస్తావేజులో సాబిక్, మనవడి పట్టాలో హాల్. మధ్యలో నాలాంటివాడి ముందు ఏ కాగితం పెడితే ఆ నంబరే దిగుతుంది. (సెంట్లకీ డెసిమళ్లకీ మాత్రం పేచీ లేదు, రెండూ ఎకరంలో వందో వంతే. ఆ ఒక్కటీ బతికించింది.)

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో పాత తనఖా దస్తావేజులు సరిచూసుకోవడానికి నెలకో రోజు కేటాయించండి. తప్పు దొరికితే, అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే సవరణ రిజిస్టరు కావాలి. కొత్తగా రాసేవాటి షెడ్యూల్లో, అంటే ఆస్తి వివరాలు రాసే భాగంలో, సాబిక్, హాల్ నంబర్లు రెండూ ఉండాలి. సంతకానికి ముందు ఆ షెడ్యూలొక్కటైనా తెలుగులో చదివి వినిపించాలి.

నేను రాసిన దస్తావేజుల చిత్తుప్రతులన్నీ ట్రంకుపెట్టెలో దాచాను. మీరు రోజు ప్రకటిస్తే ఆ పార్టీలను నేనే వెతికి తీసుకొస్తాను. సవరణకి రాతకూలి తీసుకోను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
పర్లాకిమిడి