పోయడానికీ కారడానికీ తేడా చెప్పిన వారికి కృతజ్ఞతలు

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో 12 ఏళ్ళుగా పెరుగుతున్న మల్లి అనే ఆడకుక్కకు కిందటి కార్తీకమాసంలో వచ్చిన కష్టం తీరడానికి సాయపడిన వారందరికీ నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎవరి ఇంటికి వారి ఇంటికి వెళ్ళి చెప్పుకోవలసిన మాటే అయినా, సాయపడిన వారిలో ఒకరి పేరూ ఊరూ నాకు తెలియకపోవడం వల్ల ఇలా బహిరంగంగా రాయవలసి వచ్చింది.

మల్లి నాటుకుక్క. 16 కిలోల బరువు. అవిలాల చెరువు వైపు నుంచి మా పెద్దవాడు సంచిలో వేసుకుని తెచ్చిన నాటి నుంచి, చిన్నతనంలోని మొదటి రెండు నెలలు తప్పిస్తే, ఇంట్లో ఒక్కసారి కూడా తడిపి ఎరగదు. వాన పడుతున్నా తలుపు దగ్గర నిలబడి గోటితో గీకి బయటికి పోయి వచ్చేది. అటువంటిది దీపావళి వెళ్ళిన వారంలో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే అది పడుకున్న పట్టా తడిసి, నేలమీద అరచేయంత మడుగు కట్టి ఉంది. మరునాడు సోఫా పక్కన, ఆ మరునాడు పూజగది గడప ముందు అదే జరిగింది. నేను 30 ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పిన దాన్ని. తప్పు చేసిన పిల్లవాణ్ణి నిలబెట్టి అడగడం అలవాటైపోయిన మనిషిని. మల్లిని కూడా అలాగే మడుగు ముందు నిలబెట్టి కేకలు వేశాను. అది చెవులు వెనక్కి వాల్చి, తన కిందనే ఉన్న తడిని ఎవరిదో అన్నట్టు వాసన చూసి, నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో నేను చదువుకోవలసింది ఉందని అప్పుడు తోచలేదు.

కేకలతో ఆగకుండా, సాయంత్రం ఆరు గంటలకు నీళ్ళ గిన్నె తీసి అటకమీద పెట్టడం మొదలుపెట్టాను. తాగకపోతే తడపదు కదా అన్నది నా లెక్క. రాత్రి అది స్నానాలగదిలోకి వెళ్ళి బకెట్టులో తల పెట్టి తాగడం, బకెట్టు బోర్లించి పెడితే తులసికోట పళ్ళెంలో నిలిచిన వాననీళ్ళు నాకడం చూసి కూడా మొండితనమే అనుకున్నాను. ఇంటికి వచ్చిన బంధువు ఒకరు, ముసలిదైపోయింది, అలిపిరి దాటించి వదిలేస్తే పుణ్యక్షేత్రం కాబట్టి ఎవరో ఒకరు ఇంత పెడతారని సలహా ఇచ్చారు. ఆయనకు కాఫీ ఇచ్చి పంపించాను. అంతకంటే ఆ మాట గురించి రాయడానికి ఏమీ లేదు.

మొదటి నమస్కారం మా పాలాయనకు. చంద్రగిరి వైపు నుంచి ఉదయం అయిదున్నరకల్లా మోటారు సైకిలు మీద క్యాన్లతో వచ్చే మనిషి, ఏ రోజూ గుమ్మంలో రెండు నిమిషాలకు మించి నిలబడే తీరిక లేనివాడు, ఆ రోజు వసారాలో నిద్రపోతున్న మల్లిని చూసి క్యాను కింద పెట్టి వంగి పరిశీలించాడు. "టీచరమ్మా, ఇది పోసింది కాదు, కారింది. లేసి పోసుంటే తోకా తొడలూ ఎందుకు తడుస్తాయి? పండుకోనుండంగానే పోతా ఉండాది. దానికే తెలీదు పాపం" అన్నాడు. వారం రోజులుగా నేల తుడుస్తున్న నాకు తోక తడిసి ఉండటం కనబడకపోలేదు, కానీ కనబడిన దానికి అర్థం తెలియలేదు. పోయడం అంటే కుక్క లేచి, చోటు చూసుకుని, వంగి చేసే పని. కారడం దాని ప్రమేయం లేకుండా జరిగేది. మొదటిది అలవాటుకో భయానికో ముసలితనపు మతిమరుపుకో సంబంధించినది కావచ్చు. రెండోది శరీరంలో ఎక్కడో లోపం ఉందని చెబుతుంది. ఆయన పాడిపశువులతో నేర్చుకున్న ఈ తేడా నాకు తెలిసి ఉంటే ఆ వారమంతా కేకలు వేసి ఉండేదాన్ని కాదు.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. పశువైద్య కళాశాల ఆసుపత్రికి అంటే మొదటి ఇద్దరు ఆటోవాళ్ళు కుక్కను చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. మూడో ఆయన దిగివచ్చి, తన సీటు కింద నుంచి నీలం రంగు టార్పాలిన్ పట్ట తీసి పరిచి, మల్లిని తానే రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టాడు. రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచాయని చుట్టు తిప్పి తీసుకువెళ్ళాడు, అయినా చుట్టు తిరిగినందుకు పైసా ఎక్కువ అడగలేదు. దారిలో మల్లి ఆ పట్టను తడిపింది. నేను క్షమించమని అనబోతే, "వాళ్ళమ్మను ఆసుపత్రికి తీసకపోతా ఉంటే ఎవురైనా ఇట్లంటారామ్మా" అని అద్దంలోంచి నవ్వాడు. ఈయన గురించి చివర మళ్ళీ రాస్తాను.

ఆ కళాశాల 1955లో, నేను పుట్టకముందే మొదలైంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళోనే ఉండి ఆ గేటు లోపలికి ఎప్పుడూ అడుగు పెట్టకపోవడం నా అజ్ఞానం. మా వంతు వచ్చాక మల్లిని చూసిన డాక్టరమ్మ ఇంకా పైచదువు చదువుతున్న అమ్మాయి. ఆమె కుక్కను ముట్టుకునే ముందు నన్ను ప్రశ్నలు అడిగింది, ఆ ప్రశ్నలే సగం వైద్యం అని ఇప్పుడు అనిపిస్తోంది. మేలుకుని ఉన్నప్పుడు తడుపుతోందా, నిద్రలోనా? మూత్రానికి వంగి ఎక్కువసేపు ముక్కుతోందా, రక్తపు చార ఉందా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? ఆపరేషన్ కాని ఆడకుక్క అయితే గర్భసంచిలో చీము పట్టినా దాహం పెరుగుతుందని, అది ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడని జబ్బని చెప్పింది. మల్లికి ఏడాది వయసులోనే ఆపరేషన్ అయింది. చివరగా, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతోంది, ఏ మందులు వాడుతున్నారు అని అడిగింది.

నీళ్ళ సంగతి తెలియదన్నాను. మందుల సంగతి చెప్పడానికి సిగ్గుపడుతూ చెప్పాను. ఆగస్టులో మల్లికి ఒళ్ళంతా దురద వచ్చినప్పుడు ఒక డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ మాత్రలు పదిరోజులకు రాసి, చివర ఎలా తగ్గించుకుంటూ రావాలో కూడా చీటీలో స్పష్టంగా రాశారు. దురద మళ్ళీ వచ్చేసరికి నేను ఆయన దగ్గరకు వెళ్ళకుండా, ఆ పాత చీటీనే మందుల దుకాణంలో చూపించి, రెండు నెలలుగా అవే మాత్రలు కొని పెరుగన్నంలో నలిపి పెడుతున్నాను. తప్పు రాసినవారిది కాదు, నాదే.

ఆ అమ్మాయి కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. కాగితం మీద బొమ్మ గీసి విషయం చెప్పింది. ఆ మాత్ర స్టిరాయిడ్ కాబట్టి మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచకుండా ఎక్కువగా వదిలేస్తాయి, పోయిన నీటికి దాహం వేస్తుంది, తాగినకొద్దీ మూత్రసంచి నిండుతూనే ఉంటుంది. మరోవైపు ఆపరేషన్ అయి వయసు మళ్ళిన ఆడకుక్కల్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను లేకపోవడం వల్ల మూత్రనాళం దగ్గరి కండరం బిగువు తగ్గుతుంది. మెలకువలో అది ఆపుకోగలిగినా, గాఢనిద్రలో ఒళ్ళు వదులైనప్పుడు జారిపోతుంది. ఒక కొళాయి నింపుతుంటే మరో కొళాయి ఖాళీ చేసే తొట్టి లెక్కలను 30 ఏళ్ళు పిల్లల చేత చేయించిన నాకు, నా ఇంట్లో తొట్టి పొర్లుతుంటే నింపే కొళాయి నా చేతిలోనే ఉందని తెలియకపోవడం ఎంత వింత!

నీళ్ళు దాచిపెట్టానని చెప్పినప్పుడు మాత్రం ఆమె తల ఎత్తి గట్టిగానే చెప్పింది: మూత్రం ఎక్కువగా పోతున్న కుక్కకు నీళ్ళు ఆపితే ఒళ్ళు ఎండిపోయి ప్రాణం మీదకు వస్తుంది, ఎంత తాగితే అంత పెట్టి, ఎంత తాగిందో కొలిచి రాయండి అంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా తాగుతుందని, 100 దాటితే దాన్ని అతిదాహంగా లెక్కించి కారణం వెతకాలని చెప్పింది. ఆ లెక్కన మల్లికి ఒక లీటరు లోపే చాలు, 1,600 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇంట్లో బకెట్లన్నీ మూసి, కొలజాడీతో పోసి, రాత్రి మిగిలింది తీసివేసి మూడు రోజులు రాశాను: 2,350, 2,100, 2,480. జీవితంలో చాలా లెక్కలు దిద్దాను గానీ, ఏ జవాబూ నన్ను అంతగా తల దించుకునేలా చేయలేదు.

ఆ మొదటి రోజే రక్తం తీసి చక్కెర, క్రియాటినిన్ చూశారు. వయసు మళ్ళిన కుక్క ఎక్కువ నీళ్ళు తాగుతుంటే మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నాయేమో ముందు చూడాలట. రెండూ లేవు. మూత్రం మాత్రం బాగా పలచగా ఉంది. ఇంటి దగ్గర గరిటె పట్టుకుని దాని వెనక తిరిగి పట్టిన నమూనా సూక్ష్మజీవుల పరీక్షకు పనికిరాదని, స్కానింగులో చూస్తూ పొట్ట మీద నుంచి సన్నని సూదితో నేరుగా మూత్రసంచిలో నుంచి తీశారు. (గరిటె విన్యాసం చూసి మా వీధివాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు, వారికీ నా ధన్యవాదాలు, ఆ రోజుల్లో మా ఇంటి ముందు నవ్వు వినబడింది అదొక్కటే.) సూదిలోని మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగాయి. స్టిరాయిడ్ రోగనిరోధకశక్తిని అణచడం వల్ల, మంటా ముక్కుడూ లేకుండానే మూత్రంలో ఇన్ఫెక్షన్ దాగి ఉండగలదట. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో ఫలితం వచ్చాకనే యాంటీబయాటిక్ రాశారు. అందుకు పట్టిన నాలుగు రోజులూ నేను రోజూ ఫోను చేసి విసిగించినా, ఆ ప్రయోగశాలలోని అబ్బాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకొక మాట ప్రత్యేకంగా రాయాలి. కారణం తెలిసిన వెంటనే ఆ మాత్రలను చెత్తబుట్టలో వేయబోతే డాక్టరమ్మ ఆపింది. రెండు నెలలు బయటి నుంచి స్టిరాయిడ్ అందితే శరీరం సొంతంగా తయారుచేసుకోవడం తగ్గిస్తుందని, ఒక్కసారిగా మానేస్తే కుక్క కూలబడిపోయే ప్రమాదం ఉందని, వారాల తరబడి తగ్గిస్తూ రమ్మని తేదీలతో పట్టిక వేసి ఇచ్చింది. దురదకు అసలు కారణం గోమార్లని తేల్చి వాటికి వేరే మందు ఇచ్చింది. ఆ పట్టిక ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

మాత్ర తగ్గినకొద్దీ నీళ్ళ లెక్క కూడా 1,900కు, 1,400కు, చివరికి 900కు దిగింది. పగటి తడి పూర్తిగా పోయింది. గాఢనిద్రలో మాత్రం వారానికి రెండు మూడు సార్లు పట్టా తడిసేది. అప్పుడు వారి ప్రొఫెసరుగారు చూసి, కండరానికి బిగువు ఇవ్వడానికి ఎస్ట్రియాల్ అనే మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టించి, అది పనిచేసే అతి తక్కువ మోతాదు ఎంతో చూసుకుంటూ తగ్గించారు. ఇది నయమయ్యే జబ్బు కాదని, అదుపులో ఉంచుకునేదని ముందే చెప్పారు. అబద్ధపు ఆశ పెట్టనందుకు ఆయనకు నమస్కారం.

ఇంట్లోవారికి కూడా చెప్పాలి. మా అత్తగారికి 88 ఏళ్ళు, మడి ఆచారం తప్పని మనిషి. పూజగది గడప తడిసిన రోజున ఆమె ఏమంటారోనని భయపడ్డాను. ఆమె ఏమీ అనకుండా తన పెట్టె తెరిచి, మెత్తబడిన నూలుచీరలు అయిదు తీసి, "నాలుగు మడతలు వేసి పరువు. నైలాను పట్టా మీద తడి నిలిచి తోలు ఒరుసుకుపోతుంది, నాకు తెలుసు" అన్నారు. ఆ చివరి మాట ఎలా తెలుసో నేను అడగలేదు. ఆ రాత్రి నుంచి ఆమె మంచం మీద కూడా ఒక మడత ఎక్కువగా పరుస్తున్నాను. ఆ చీరలను రోజూ ఉతికి, మల్లి తొడల మధ్య ఎర్రబడిన చోట గోరువెచ్చని నీళ్ళతో కడిగి పొడిగా తుడిచిన మా పనమ్మాయి, జీతం పెంచుతానంటే సంక్రాంతికి చూద్దాం లెమ్మంది. పెంచాను.

ఇక ఆటో ఆయన. ఆ రోజు ఆసుపత్రి గేటు దగ్గర వాన పెద్దదవడంతో, మల్లిని లోపలికి ఎత్తుకుపోవడానికి ఆయన తన నీలం టార్పాలిన్ పట్టను దాని మీద కప్పి పంపించాడు. నేను చీటీ రాయించుకుని బయటికి వచ్చి చూసేసరికి ఆటో లేదు. నంబరు చూసుకోలేదు, ఫోను అడగలేదు. ఆటో వెనక కొండ గోపురం బొమ్మ ఉందన్నది ఒక్కటే గుర్తు, ఈ ఊళ్ళో అది గుర్తే కాదని నాకూ తెలుసు. లీలామహల్ కూడలి స్టాండులోనూ, రైల్వే స్టేషను ముందరా రెండుసార్లు విచారించాను. పట్టను రెండుసార్లు ఉతికి, ఎండబెట్టి, మడిచి వసారాలో బెంచీ మీద ఉంచాను. ఒక మూల చినిగి ఉంటే కుట్టించాను. ఆయనకు గానీ, ఆయనను ఎరిగిన వారికి గానీ ఈ మాట చేరితే, కొర్లగుంటలో కుక్క ఉన్న లెక్కల టీచరు ఇల్లు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మల్లి ఆ బెంచీ కిందనే పడుకుని ఉంటుంది, అరిచినా కరవదు.