మన నేలపై దొరికిన జీవనమూనాలకు మన దగ్గరే చోటుండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లిన పిల్లల్లో చాలామంది బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోసార్ అస్థిపంజరాన్ని చూసి వస్తారు. అది విదేశాల నుంచి తెచ్చిన నకలు కాదని, మన ప్రాణహిత–గోదావరి లోయలోనే దొరికిన ఎముకలతో నిలబెట్టినదని తెలిసినవారు మాత్రం పెద్దవాళ్లలో కూడా తక్కువే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, భూగర్భ శాస్త్రవేత్తలు కోటా శిలాస్తరాలని పిలిచే జురాసిక్ కాలపు రాళ్లలో, 1970లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వకాలు జరిపింది. పన్నెండు జంతువులకు చెందిన వందల ఎముకలు బయటపడ్డాయి. వాటిని అధ్యయనం చేసిన పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. తల దొరకలేదు, పళ్లు రెండు మాత్రమే దొరికాయి. కాబట్టి ఈరోజు మనం చూసే తల దగ్గరి జాతుల ఆధారంగా ఊహించి అమర్చినది. నా దృష్టిలో పిల్లలకు చెప్పవలసిన అసలు పాఠం ఇదే. ఏది దొరికింది, ఏది ఊహించాం, ఆ ఊహకు ఆధారమేమిటి అన్న మూడు ప్రశ్నలకు ఆ ఒక్క అస్థిపంజరం దగ్గర నిలబడే జవాబు చెప్పవచ్చు.

నేను చాలా ఏళ్లు డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించాను. తెలుగు నేల మీద దొరికిన జీవజాతుల గురించి పాఠం చెప్పినప్పుడల్లా, “ఆ నమూనా ఎక్కడుంది సార్?” అని విద్యార్థులు అడిగేవారు. కోటాసారస్ విషయంలో తప్ప దాదాపు ప్రతిసారీ వేరే రాష్ట్రం పేరో, వేరే దేశం పేరో చెప్పవలసి వచ్చేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఒక్కొక్కటి ఏర్పడాలనీ, అది బొమ్మలు నిలబెట్టే ప్రదర్శనశాల కాకుండా నమూనాలను తరతరాలు భద్రపరిచే సంస్థ కావాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ప్రాణహిత–గోదావరి లోయలోనే దొరికిన మరో పెద్ద డైనోసార్ బారాపాసారస్. దాని ఎముకలను 1960ల మొదట్లో వెలికితీశారు. తవ్వకం మొదలైనది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో, 1975లో దాన్ని కొత్త జాతిగా శాస్త్రీయంగా వర్ణించినప్పుడు టాగూర్ పేరు కలిపి ‘బారాపాసారస్ టాగోరై’ అన్నారు. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. ఎముకలను తవ్వి, వర్ణించి, ఇన్నేళ్లు కాపాడిన సంస్థ అది కనుక అక్కడ ఉండటాన్ని నేను తప్పు పట్టడం లేదు. గణాంక శాస్త్రం కోసం పుట్టిన సంస్థ శిలాజాలకు అంత చోటిచ్చినప్పుడు, ఆ శిలాజాలు దొరికిన ప్రాంతంలోని ప్రభుత్వాలు ఎందుకు ఇవ్వలేకపోయాయన్నదే నా ప్రశ్న.

ఇక ఉమ్మడి కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల సంగతి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహల్లో తవ్వి, గుట్టల కొద్దీ జంతువుల ఎముకలు బయటికి తీశారు. వాటిని పరిశీలించిన శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ అందులోని ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. ఇప్పుడు ఎండలకు బీటలు వారే ఆ సీమలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయన్న సంగతి కర్నూలు విద్యార్థికి తన జిల్లాలో ఏ అద్దాల పెట్టె ముందూ తెలియదు.

మ్యూజియం అనగానే మనకు ప్రదర్శన గది గుర్తుకు వస్తుంది. కానీ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి ప్రాణం ఆ గది వెనుక, సందర్శకులకు కనిపించని బీరువాల్లో ఉంటుంది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం దగ్గర సుమారు ఎనిమిది కోట్ల నమూనాలున్నాయి, అందులో సందర్శకుల కళ్లబడేది చాలా కొద్ది భాగమే. మిగిలినదంతా సొరుగుల్లో, స్పిరిట్ సీసాల్లో, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది, ఎవరు సేకరించారు అన్న చీటీలతో సహా ఉంటుంది. ఆ చీటీ పోతే నమూనా విలువ దాదాపు పోయినట్టే. ఆ బీరువాల వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి నేను రెండు ఉదాహరణలు చెబుతుంటాను.

మొదటిది కలివి కోడి. శాస్త్రవేత్తలు జెర్డన్స్ కోర్సర్ అని పిలిచే ఈ పక్షిని మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ గుర్తించగా, ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో వర్ణించాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ అన్వేషణలో అది మళ్లీ దొరికింది. రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టినవాడు ఆ ఊరి ప్రాంతపు పక్షుల వేటగాడు. పొదల మధ్య చీకట్లో ఆ పక్షి ఎలా కదులుతుందో అతనికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. పట్టిన పక్షి బతకలేదు. దాన్ని నమూనాగా మలిచి ముంబైలో ఆ సొసైటీ సేకరణలో భద్రపరిచారు.

కథ అక్కడితో ముగియలేదు. 2013లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో, దశాబ్దాలుగా ఎవరి దృష్టికీ రాకుండా ఉన్న ఒక గుడ్డు కలివి కోడిదేనని వెల్లడైంది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో దాన్ని సేకరించాడు. మ్యూజియంలో భద్రపరిచిన పాత పక్షి చర్మాల నుంచి తీసిన డీఎన్‌ఏతో పోల్చి చూసి శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ప్రపంచంలో ఈ పక్షిదని తెలిసిన గుడ్డు అదొక్కటే. దాని వల్ల తెలిసిన సంగతులు చిన్నవి కావు. చివరి నమోదు 1900 నాటిదని అనుకున్న పక్షి 1917లో కూడా గుడ్డు పెట్టింది. మనం కడప చుట్టూ వెతుకుతున్న పక్షి ఒకప్పుడు చిత్తూరు సరిహద్దుకు అవతల కోలార్ వైపు కూడా ఉండేది. అంటే అలాంటి చిట్టడవుల్లో మరికొన్ని చోట్ల కూడా వెతకడానికి కారణం ఉందన్నమాట. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న పక్షికి ఒక చీటీ, ఒక గుడ్డు, కొన్ని పాత చర్మాలు కలిసి ఇంత సాయం చేశాయి.

రెండోది గుత్తి సాలీడు. నెమలి కంఠంలా నీలంగా మెరిసే ఈ పెద్ద సాలీడును 1899లో రెజినాల్డ్ పోకాక్ వర్ణించాడు. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క నమూనా, అదీ గుత్తిలో దొరికినది. తర్వాత శతాబ్దానికి పైగా ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. గుత్తికి ఆ అడవి సుమారు వంద కిలోమీటర్ల దూరం. రైల్వే కోసం అడవి నుంచి తెచ్చిన కలపతో పాటే ఆ మొదటి సాలీడు గుత్తి చేరి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. లండన్‌కు చేరిన ఆ ఒక్క నమూనా, దాని వర్ణన నిలిచి ఉండబట్టే, వందేళ్ల తర్వాత దొరికింది అదే జాతి అని చెప్పగలిగారు. విదేశాల్లో ఈ సాలీడు పెంపుడు జీవిగా అమ్ముడుపోతోంది. నంద్యాల బడుల్లో చదివే పిల్లల్లో దాని ఫొటో అయినా చూసినవారు ఎందరుంటారు?

పాత సేకరణలు మనుషులకు కూడా ఎంత మేలు చేశాయో ఒక్క మాట చెబుతాను. బ్రిటన్‌లో డేగల సంఖ్య ఎందుకు పడిపోతోందో అర్థం కాని రోజుల్లో డెరెక్ రాట్‌క్లిఫ్ సేకరణల్లోని పాత గుడ్ల పెంకులను కొత్త గుడ్లతో పోల్చి, 1947 ప్రాంతం నుంచి పెంకులు పలచబడ్డాయని 1967లో చూపించారు. డీడీటీ వంటి పురుగుమందులను అదుపు చేయాలన్న వాదనకు అది గట్టి ఆధారమైంది. ఆ పాత గుడ్లను సేకరించినవారిలో చాలామందికి డీడీటీ పేరే తెలియదు.

మన దగ్గర ఏమీ లేదని అనడం అన్యాయమవుతుంది. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. శ్రీశైలం దగ్గర సున్నిపెంటలో అటవీ శాఖ జీవవైవిధ్య పరిశోధన కేంద్రం నల్లమల జీవజాతులను నమోదు చేసింది. జూపార్కుల్లో చిన్న చిన్న ప్రదర్శనలున్నాయి. కానీ ఇవి పరిశోధకులకో, ఒక అడవికో, సందర్శకుల కాలక్షేపానికో పరిమితమైనవి. పరిశోధన, భద్రత, ప్రజల బోధన ఈ మూడూ ఒకే కప్పు కింద జరిగే చోటు లేదు. కేంద్ర పర్యావరణ శాఖ ఆధ్వర్యంలోని ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియాలు మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయి మాధోపూర్‌లలో ఉన్నాయి. తూర్పు కనుమలు, నల్లమల, శేషాచలం, కొల్లేరు, కోరింగ మడ అడవులు ఉన్న మనకు అలాంటిది ఒక్కటీ రాలేదు.

కాలేజీల సంగతి నాకు ప్రత్యక్షంగా తెలుసు. పాత డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర విభాగాల్లో యాభై, అరవై ఏళ్ల కిందట అధ్యాపకులు తమ చుట్టుపక్కల చెరువుల్లో, కొండల్లో సేకరించిన చేపలు, కప్పలు, పాములు, కీటకాలు గాజు సీసాల్లో ఉండేవి. డిసెక్షన్లు ఆగిపోయాక ఆ గదుల అవసరం తగ్గింది. ఫార్మలిన్ ఆవిరైపోయి, సీసాల అడుగున చేప ఎండి, చీటీ మీద సిరా వెలిసిపోతోంది. నేను చూసిన ఒక కళాశాలలో కొత్త కంప్యూటర్ ల్యాబ్ కోసం గది ఖాళీ చేస్తూ సీసాలన్నిటినీ బయట పారబోశారు. అందులో ఒక చెరువు చేపలు ఉండేవి. ఆ చెరువు ఇప్పుడు లేదు. అక్కడ ఏ చేపలు బతికేవో చెప్పే సాక్ష్యం ఆ సీసాలే. ఈ నష్టం చాలా ఊళ్లలో చడీచప్పుడు లేకుండా జరుగుతోందని నా భయం.

మ్యూజియం కట్టడమంటే జంతువులను చంపి తేవడమే కదా అని కొందరు అభ్యంతరం చెబుతారు. ఆ ఆందోళన సరైనదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో అటువంటి సేకరణకు ఎవరూ ఒప్పుకోకూడదు. కానీ అడవిదారుల్లో వాహనాల కింద పడి చనిపోయిన జంతువులు, ఒడ్డుకు కొట్టుకువచ్చిన తాబేళ్లు, డాల్ఫిన్లు, జూలలో వయసు మీరి మరణించిన జీవులు, ఇవన్నీ ఈరోజు పూడ్చివేతకో, దహనానికో పోతున్నాయి. నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని వాటి ఎముకలు, చర్మాలు, కణజాలం భద్రపరిస్తే ఒక్క ప్రాణం తీయకుండానే సేకరణ పెరుగుతుంది. పక్షుల కూతల రికార్డింగులు, కెమెరా ట్రాప్ ఫొటోలు కూడా నమూనాలతో సమానంగా దాచవలసినవే.

కట్టేటప్పుడు అగ్ని ప్రమాదం గురించి ముందే ఆలోచించాలి. 1978లో మొదలైన ఢిల్లీ జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున కాలిపోయింది. అది సొంత భవనంలో కాక వేరొకరి భవనంలో నడిచేది. రెండేళ్లకే, 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడి, సుమారు రెండు కోట్ల వస్తువులున్న సేకరణలో అధిక భాగం బూడిదైంది. స్పిరిట్ సీసాలు మండే సరుకు కనుక వాటికి వేరే భవనం, వేరే గాలి ఏర్పాటు, వేరే నిప్పు రక్షణ తప్పనిసరి. ప్రారంభోత్సవానికి అందంగా కనిపించే ముఖద్వారం కన్నా దీనికే మొదట డబ్బు కేటాయించాలి.

ప్రదర్శన గదుల విషయంలో నా కోరిక ఒక్కటే. ప్రతి లేబుల్ తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. శాస్త్రీయ నామం కింద ఊరి పేరు, మండలం పేరు, ఆ జీవిని చూపించిన స్థానికుల పాత్ర రాయాలి. కలివి కోడి దగ్గర జెర్డన్‌తో పాటు రెడ్డిపల్లె వేటగాడి నేర్పు గురించి కూడా రెండు వాక్యాలు ఉండాలి. చెంచుల అడవి పరిజ్ఞానాన్ని అలంకారంగా ఒక మూల బొమ్మ పెట్టి వదిలేయకుండా, నల్లమల గది తయారు చేసేటప్పుడు వాళ్లనే పిలిచి అడగాలి.

భవనాలకు ఏళ్లు పట్టవచ్చు కానీ ఇప్పుడే మొదలుపెట్టగల పనులు రెండున్నాయి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాల జంతు, వృక్ష, భూగర్భ శాస్త్ర విభాగాల్లో ఉన్న నమూనాల జాబితా తెప్పించాలి, జాబితా పూర్తయ్యేవరకు ఏ సీసానూ, ఏ రాయినీ పారవేయకూడదని ఉత్తర్వు ఇవ్వాలి. దాంతోపాటే కోల్‌కతా, ముంబై, చెన్నై, లండన్, అబర్డీన్ మ్యూజియాల్లో ఉన్న తెలుగు నేల నమూనాల వివరాలు, ఫొటోలు సేకరించి తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టాలి. దీనికి భవనం అవసరం లేదు. వర్గీకరణ శాస్త్రం తెలిసిన నలుగురు యువ పరిశోధకులు, వారికి ఆగకుండా అందే జీతం ఉంటే చాలు. పదవీ విరమణ చేసిన నాలాంటి అధ్యాపకులు చాలామంది పాత చీటీలు చదివి పెట్టడానికి ఉచితంగా వస్తారు. పిలవమని మాత్రమే అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నంద్యాల.