స్టేటస్‌లో 500 తగ్గించినందుకు

సంపాదకులకు నమస్కారం.

మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, 13 ఏళ్లుగా సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాను. గత ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లో ఓ ఫోన్ బొమ్మ పెట్టి, కింద ‘18,499 మాత్రమే’ అని రాశాను. మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజులు కదా, ఊళ్ల నుంచి నలుగురొస్తారని ఆశ. ఆ ఫోన్‌కు కంపెనీ పెట్టిన కనీస రేటు, ఎంఓపీ, 18,999. రాత్రి తొమ్మిది కాకముందే కంపెనీ కుర్రాడి ఫోను. ‘‘అన్నా, ముందు ఆ స్టేటస్ తీసెయ్. స్క్రీన్‌షాట్ హైదరాబాద్ దాకా పోయింది.’’ తీసేశాను. అయినా అమ్మకాల మీద కంపెనీ ఇచ్చే స్కీం డబ్బులు, ఆ నెల నాకు రావాల్సిన 11 వేల చిల్లర, క్రెడిట్ నోటులో, అంటే జమ చీటీలో, పడలేదు. అడిగితే, ‘‘సరుకు బిల్లింగ్ ఆపలేదు, సంతోషించు’’ అన్నాడు డిస్ట్రిబ్యూటర్.

ఎంఆర్‌పీ సంగతి అందరికీ తెలుసు. డబ్బా మీద అచ్చేసి ఉంటుంది, అంతకు మించి అమ్మితే తూనికలు కొలతల శాఖ వాళ్లు కేసు రాస్తారు. ఈ ఎంఓపీ మాత్రం కొనేవాళ్ల కంట పడదు. మార్కెట్ ఆపరేటింగ్ ప్రైస్ అంటారు, అంతకన్నా తగ్గించి అమ్మొద్దని కంపెనీ పెట్టే రేటు. డీలర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్‌గా వస్తుంది, దానికి లెటర్‌హెడ్ ఉండదు, సంతకం ఉండదు. నేను చెప్పే ఫోన్ డబ్బా మీద ఎంఆర్‌పీ 23,999. అంత పెట్టి కొన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. కౌంటర్ దగ్గర గుట్టుగా రెండు మూడు వందలు తగ్గిస్తే కంపెనీ వాళ్లు చూసీచూడనట్టు పోతారు. అదే రేటు బోర్డు మీదో స్టేటస్‌లోనో కనపడిందా, ఇక పంచాయితీయే. దీంతో బేరమాడే నోరున్నవాడికి తక్కువకు పడుతుంది, మొహమాటస్తుడు మొత్తం కట్టి పోతాడు.

నా స్వార్థం కూడా దాచుకోను. ఎంఓపీ అనేదే లేకపోతే నేనెప్పుడో షట్టర్ దించేసేవాణ్ని. వరంగల్ పెద్ద షోరూంలు ఒక్కసారే వందల ఫోన్లు ఎత్తుతాయి, నా కొనుగోలు రేటుకే వాళ్లు అమ్మగలరు. నేనేమో కెమెరా చూపించి, పాత ఫోన్‌లోని ఫొటోలూ వాట్సాపూ కొత్తదాంట్లోకి ఎక్కించి, పెద్దవాళ్లకు అక్షరాల సైజు పెంచిపెట్టి గంటసేపు కూర్చుంటే మిగిలేది ఆరేడు వందలు. అదైనా మిగులుతున్నది ఎంఓపీ వల్లే. ఆ నియమం ఉండటం కాదు, నా మెడకు మాత్రమే చుట్టుకోవడం నా బాధ.

స్టేటస్ తీసేసిన నాలుగో రోజు, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొచ్చిన కేసముద్రం వైపు రైతొకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి అదే ఫోన్ చేత్తో పట్టుకుని బరువు చూసింది, నాన్నతో సెల్ఫీ దిగింది. నీలం రంగు నచ్చింది. ఆ తర్వాత తన పాత ఫోన్ నా ముందు పెట్టింది. పగిలిన అద్దం వెనకాల ఆన్‌లైన్‌లో అదే మోడల్, అదే నీలం, బ్యాంకు కార్డు తగ్గింపు పోను 17,249. ‘‘అంకుల్, ఈ రేటుకిస్తరా?’’ నా కొనుగోలే 18,300. నేను మాట్లాడకపోయేసరికి ఆయనే నొచ్చుకుని, ‘‘పోనీ ఒక కవరన్న తీసుకో బిడ్డా’’ అన్నాడు. ఇంకా రాని ఫోన్‌కు 120 రూపాయల కవరు కొనుక్కుని పోయారు.

కంపెనీ కుర్రాణ్ని అడిగితే వాడి దగ్గర జవాబు సిద్ధం. ఆన్‌లైన్‌లో కూడా రేటు 18,999 అనే చూపిస్తున్నారట, తగ్గింపు కార్డుదట. మాట తప్పు కాదు. ఆ అమ్మాయి చూసింది మాత్రం కింది అంకె.

కాంపిటీషన్ చట్టం, 2002లో సెక్షన్ 3(4) ఉంది. సరుకు కొన్న వ్యాపారి దాన్ని తిరిగి ఎంతకు అమ్మాలో కంపెనీ షరతు పెడితే, దానివల్ల పోటీ గట్టిగా దెబ్బతింటుందని తేలితే ఆ షరతు చెల్లదు. తేల్చడమే కష్టం. ఇలాంటి షరతుకే హ్యుందాయ్ కార్ల కంపెనీకి 2017లో కాంపిటీషన్ కమిషన్ వేసిన 87 కోట్ల జరిమానాను మరుసటి ఏడాదే అప్పిలేట్ ట్రైబ్యునల్ కొట్టేసింది. 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి 200 కోట్లు వేశారు. కంపెనీ చెప్పినదానికన్నా డీలర్లు ఎక్కువ తగ్గిస్తున్నారేమో కనిపెట్టడానికి కస్టమర్ల వేషంలో ఏజెన్సీ మనుషుల్ని పంపేవారని కమిషన్ తేల్చింది. మారుతి అప్పీలుకు వెళ్లింది. ఆ కేసుకు మూలం డీలర్‌నని చెప్పుకున్న ఒకరు పేరు లేకుండా పంపిన ఈ-మెయిల్. కార్ల షోరూం వాళ్లే పేరు రాయడానికి జంకితే, 12 అడుగుల గదిలో కూర్చున్నవాడి సంగతి వేరే చెప్పాలా?

కమిషన్ వారికి నా విన్నపం ఒకటే. పెద్ద కంపెనీల ఒప్పందపత్రాలతో పాటు మాకొచ్చే వాట్సాప్ మెసేజ్‌లను కూడా సాక్ష్యంగా తెప్పించుకుని చూడండి. ఎంఓపీ పెట్టేవాళ్లు కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి. స్కీం డబ్బులు ఆపితే ఎందుకు ఆపారో అదీ రాసివ్వాలి. ఆన్‌లైన్‌లో కార్డు పేరుతో ఎంత తగ్గుతుందో, నా కౌంటర్ మీద కూడా అంత తగ్గించే వీలుండాలి. లేదా ఇద్దరికీ వద్దు.

ఈ ఉత్తరం కింద దుకాణం పేరు అచ్చు వేయవద్దని మనవి. ఈ నెల క్రెడిట్ నోటు ఇంకా రావాల్సి ఉంది.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ దుకాణదారు,
మహబూబాబాద్